నాలుగు బారల నీలం తాడు

పోయిన నెల పోశెట్టికి కంటి ఆపరేషన్ అయిందంటే చూడటానికి వాళ్ల ఊరు వెళ్లాను. ఒమన్‌లో సహం అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో పోశెట్టి, నేను ఆరేళ్లు ఒకే రూమ్‌లో ఉన్నాం. ఒకే కుక్కర్‌లో వండుకున్నాం, ఒకడికి జ్వరమొస్తే ఇంకొకడు డ్యూటీ ఎగ్గొట్టి పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్న మనిషి నా గొంతు వినగానే గుర్తుపట్టి, "రాజేశం, నువ్వెంత ముసలోనివైనవో సూద్దామనుకుంటె, డాక్టర్ కంటికి పట్టీ ఏసిండు" అని నవ్వాడు. వాళ్లావిడ అన్నం పెడతానంటే చేతులు కడుక్కుందామని పెరట్లోకి వెళ్లాను. అక్కడ జామచెట్టు నుంచి గోడ మీది కొక్కెం దాకా బట్టలారేసే దండెం కట్టి ఉంది. నీలం తాడు. రంగు వెలిసింది కానీ మధ్యలో ఎర్రపోగులు ఇంకా తెలుస్తూనే ఉన్నాయి. ఒక కొసకు పసుపు టేపు అంటుకుని ఉంది. కొళాయి కట్టేయడం కూడా మరిచిపోయి తడిచేతులతో అక్కడే నిలబడిపోయాను.

గల్ఫ్ రోజుల గురించి నేను చాలానే రాశాను. అవి చదివినవాళ్లు నన్ను మంచివాడనుకుంటారు. నేను రాసిన ప్రతిదాంట్లోనూ ఎండ చెడ్డది, ఏజెంటు చెడ్డవాడు, ఫోర్‌మన్ చెడ్డవాడు. కష్టపడి, ఓపికపట్టి, తోటివాడి కన్నీళ్లు తుడిచింది మాత్రం నేను. అలా రాసుకోవడానికి ఎంత హాయిగా ఉంటుందో రాసేవాళ్లకే తెలుసు. కానీ ఈ తాడు గురించి ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. దాన్ని నమ్మి కొండ దిగి కాలు విరగ్గొట్టుకున్న మల్లన్న గురించి రాసినప్పుడు కూడా ఆయన ధైర్యం గురించీ, ఆయన మీసాల గురించీ రాసి సరిపెట్టాను. అప్పుడు ఆయన పక్కనే నిలబడి, తెలిసీ నోరు మూసుకున్నవాడి సంగతి దాటేశాను. సిగ్గుగా ఉంది. ఈ వయసులో ఇంత సిగ్గు మిగిలి ఉంటుందని అనుకోలేదు.

సహం వెనకాల గంటన్నర లోపలికి పోతే కొండలు మొదలవుతాయి. చెట్టూ చేమా లేని గోధుమరంగు రాతికొండలు. వాటిని చీల్చి రోడ్డు వేశాక పైనుంచి రాళ్లు దొర్లిపడకుండా కొండకు ఇనుప వల కప్పే పని మా కంపెనీకి వచ్చింది. తాడుకు వేలాడుతూ రాతికి రంధ్రాలు వేసి, మేకులు దించి, వల బిగించాలి. ఎండాకాలంలో ఆ రాయి ముట్టుకుంటే చేతులు బొబ్బలెక్కుతాయి కాబట్టి చలికాలంలోనే పని. సైట్లో పరంజా ఎక్కేవాళ్లలోంచి ఆరుగురిని తీశారు. అందులో నేనొకణ్ని. మాకు నేర్పడానికి ఉస్తాద్‌గా వచ్చినవాడు మల్లయ్య, మేమంతా మల్లన్న అనేవాళ్లం. మెదక్ దిక్కు మనిషి. సైన్యంలో ఉండి మంచుకొండల మీద జవాన్లకు ఎక్కడం నేర్పినవాడు. అక్కడినుంచి బయటికొచ్చాక ఒమన్ వచ్చి, అల్ మవాలే అనే చోట ఒక దుకాణం ముందు సెక్యూరిటీ గార్డుగా కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆయన పాత పని సంగతి ఎవరో మా కంపెనీకి చెప్పారట. "అయిదేండ్ల తర్వాత కాలు కింద గట్టిరాయి తగిలింది" అని వచ్చిన రోజే బూట్లు విప్పి కొండ మీద ఉత్తకాళ్లతో నడిచాడు.

సైట్లో మాకు నడుముకు కట్టే బెల్టంటే సేఫ్టీ ఆఫీసర్ కోసం కట్టేది. ఆయన విజిల్ వినిపించగానే దాని హుక్కు ఏది దొరికితే దానికి తగిలించేవాళ్లం, ఒక్కోసారి మా జేబుకే. ఆయన వెనక్కి తిరగగానే తీసేసేవాళ్లం. ఏళ్ల తరబడి అదే అలవాటు. మొదటి రోజు నేను అలాగే మల్లన్నను చూసి గబుక్కున హుక్కు తగిలించాను. ఆయన దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"ఎవలు సూస్తున్నరని తగిలించినవ్?"

"మీరు సూస్తున్నరని సార్."

"నేను అటు తిరిగితె?"

నేను నవ్వాను, మిగతావాళ్లూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "గుట్టకు కండ్లు లేవు రాజేశం. అది నిన్ను సూడది, నువ్వు కట్టుకున్నవా లేదా అని అడగది. ఇక్కడ ఎవలి పని వాళ్లే సూసుకోవాలె. పక్కోనిది గూడ సూడాలె" అన్నాడు. ఆ తర్వాత ఆయన మాకు ఒక పద్ధతి పెట్టాడు. ఎక్కేవాడైనా దిగేవాడైనా అంచు దాటే ముందు పక్కనున్నవాడి మొహం చూసి "చెప్పేదేమన్న ఉన్నదా?" అని అడగాలి. పక్కవాడు ముడీ, బెల్టూ, తాడూ కళ్లతో ఒకసారి తడిమి "ఏం లేదు, పో" అనాలి. అది అనేదాకా కాలు కదపకూడదు. మేం మొదట్లో వేళాకోళం చేసేవాళ్లం. పోశెట్టి బాత్రూముకు పోతుంటే కూడా "చెప్పేదేమన్న ఉన్నదా" అని అడిగేవాణ్ని.

వారమంతా కొండ కింద క్యాంపులో ఉండి, పని లేని రోజుల్లో సహం రూమ్‌కు వచ్చేవాళ్లం. క్యాంపు జీవితం మల్లన్న చేతుల మీద నడిచేది. తెల్లవారకముందే లేచి, వణుకుతూ, చన్నీళ్లతో గడ్డం గీసుకునేవాడు. ఒక్కరోజు తప్పితే ఒట్టు. దుప్పటి అంచులు కలిపి ఇటుకలా మడిచేవాడు. తర్వాత మా అందరికీ అల్లం దంచి పాలు లేని టీ కాచేవాడు. ఆ అల్లం వాసనకే మేం లేచేవాళ్లం. ఉల్లిగడ్డ కాల్చి, చింతపండు పిసికి పచ్చిపులుసు చేసేవాడు, అది వేడన్నంలోకి. కింద ఊరి ఒమనీ పెద్దాయన ఒకాయన, తెల్లగడ్డం, ఎప్పుడన్నా మేకలు తోలుకుంటూ వచ్చి ఖర్జూరాలు పెట్టి పోయేవాడు. మల్లన్న ఆయనకు పచ్చిపులుసు రుచి చూపిస్తే ముసలాయన కళ్లు మూసుకుని, తెరిచి, ఇంకొంచెం అడిగాడు. వాళ్లిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా గంటసేపు కొండ వైపు చేతులు చూపించుకుంటూ మాట్లాడుకునేవాళ్లు.

ఆయన పెట్టెలో ఒక మంచుగొడ్డలి ఉండేది. మంచులో జారితే దాని మొన దించి ఆగాలట. మంచే లేని చోటికి అదెందుకు తెచ్చావన్నా అంటే, "కొడుకును ఇంటికాడ ఇడిసొచ్చిన. దీన్ని గూడ ఇడిసిపెట్టాల్నా?" అన్నాడు. దానికి వారానికోసారి కొబ్బరినూనె రాసేవాడు. ఒకసారి సహం దగ్గర క్రషర్ వాళ్ల ఇసుకగుట్ట చూశాడు. ఇక ఆగలేదు. మమ్మల్ని పైకెక్కించి, ఒక్కొక్కణ్నీ తోసి, జారుతూ బోర్లా తిరిగి గొడ్డలి గుచ్చి ఆగడం నేర్పాడు. చెవుల్లో, నోట్లో, చొక్కాలో ఇసుక. క్రషర్‌లో పనిచేసే బెంగాలీలు పని ఆపి మరీ చూశారు. ఆ చలికాలం కొన్నాళ్లు క్యాంపు పైకొండ మీదికి మార్చారు. అక్కడ ఒక పొద్దున నీళ్ల డ్రమ్ము మీద గాజుపెంకులా సన్నటి మంచు పేరుకుంది. మల్లన్న చిన్నపిల్లాడిలా అరిచి అందర్నీ లేపాడు. గొడ్డలి మొనతో దాన్ని పగలగొట్టి, తలా ఒక ముక్క చేతిలో పెట్టి, తనొకటి నోట్లో వేసుకుని చప్పరించాడు. ఆయన అంత సంతోషంగా ఉండటం మళ్లీ చూడలేదు.

కంపెనీ తాళ్లు తెల్లవి, మొద్దువి. మల్లన్నకు సొంతంగా ఒక నీలం తాడు ఉండేది, ఎర్రపోగులతో, పామంత మెత్తగా. అరవై మీటర్లు. రెండు కొసలకూ పసుపు టేపు చుట్టుకున్నాడు. జిప్పున్న బాస్మతి బియ్యం సంచిలో పెట్టి తలకింద పెట్టుకుని పడుకునేవాడు. దాని మీద ఎవడన్నా కాలేస్తే ఆరోజు వాడికి పచ్చిపులుసు లేదు. శుక్రవారం మిగతావాళ్లు సహం పోతే, ఆయన నన్నొక్కణ్నే వెంటేసుకుని ఆ తాడుతో లోయల్లోని గోడల్లాంటి కొండలెక్కించేవాడు. పని కోసం కాదు, ఊరికే. పైకెక్కి కూర్చుంటే దూరాన సముద్రం ఒక గీతలా కనిపించేది. నాకు అప్పటిదాకా ఎవరూ ఊరికే ఏదీ నేర్పలేదు. నేర్పినవాళ్లంతా పని చేయించుకోవడానికే నేర్పారు. ఫోన్‌లో వాళ్లావిడకు నా గురించి చెబుతుంటే విన్నాను: "బంగారమసోంటి పోరడు దొరికిండు. వచ్చే సలికాలానికి నా పక్కన ఉస్తాద్ చేస్త." ఆ మాట నన్ను ఎంత ఎత్తుకు ఎక్కించిందో ఏ కొండా ఎక్కించలేదు.

ఒక వారం ఆయన ఆ తాడు నా చేతికిచ్చాడు. క్యాంపులో నీళ్లు తక్కువ, సహం రూమ్‌లో టబ్బుంది, సబ్బు తక్కువ వేసి చేత్తో ఉతికి నీడలో ఆరబెట్టి తెమ్మన్నాడు. "నా తల నీ చేతికిస్తున్న" అన్నాడు నవ్వుతూ. నేను పసిపిల్లకు పోసినట్టు దానికి నీళ్లు పోశాను. ఆ మాట నిజమే, అంత జాగ్రత్తగానే ఉతికాను. ఆ శుక్రవారమే పోశెట్టి కార్టన్ కట్టే రోజు.

ఇంటికి పోయేవాడి కార్టన్ కట్టడమంటే రూమ్ మొత్తానికి ఒక పెళ్లి పని లాంటిది. నడుమెత్తు అట్టపెట్టె మధ్యలో పెట్టి అందరం చుట్టూ కూర్చుంటాం. పోయేవాడి సామాను సగమే. మిగతా సగం రూమ్‌లో తలా ఒకటి తెచ్చి పెట్టినవే. నా భార్యకు ఇయ్యి, మా అవ్వకు ఇయ్యి అంటూ పాలపొడి డబ్బాలు, సబ్బులు, నొప్పుల నూనె, దుప్పటి, టార్చిలైటు. ఆరు వైపులా మార్కర్‌తో పేరు, ఊరు రాస్తాం. చివరికి తాడు కట్టడం నా వంతు. సహంలో మా దిక్కువాళ్ల రూముల్లో కార్టన్ కట్టాలంటే రాజేశమే. కానీ అంతకు ముందు నేను కట్టిన నర్సయ్య కార్టన్ హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో పగిలిపోయింది. ప్లాస్టిక్ తాడు తెగి, ఆయన కొన్న చెప్పులూ డబ్బాలూ బెల్టు మీద విడివిడిగా తిరుగుతుంటే పరుగెత్తి ఒక్కొక్కటీ ఏరుకున్నాడట. ఆ కథ సహం నుంచి షినాస్ దాకా అన్ని రూముల్లో నవ్వుకున్నారు. కట్టినవాడి పేరుతో సహా.

పోశెట్టి అమాయకంగా అన్నాడు, "ఈసారి గట్టి తాడు జూడు రాజేశం. మా అవ్వకు కొన్న అద్దం ఉన్నది అండ్ల." కిటికీ కమ్మీ మీద నీలం తాడు ఆరుతోంది. అరవై మీటర్లు. నేను దాన్నే చూస్తున్నానని అందరూ చూశారు. "గది ఉస్తాద్ తాడు గదా" అని ఎవరో అన్నారు. "ఉస్తాద్, నేను వేరు వేరా?" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇక వెనక్కి తగ్గలేకపోయాను. ఒక కొస నుంచి చేతులు చాచి నాలుగు బారలు కొలిచి కూరగాయల కత్తితో కోశాను. మంచి తాడు అంత తేలిగ్గా తెగదు, చాలాసేపు పట్టింది. ఆ సేపట్లో ఒక్కసారైనా ఆగి ఉండవచ్చు. కోసిన చోట లైటర్‌తో కాల్చి పోగులు అతికించాను. అంతటితో ఆగితే తొందరపాటు అనుకోవచ్చు. నేను లేచి ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయి పసుపు టేపు అడిగి తెచ్చి, మల్లన్న చుట్టినట్టే, అదే వెడల్పున, కొత్త కొసకు చుట్టాను. దాన్ని తొందరపాటు అనలేను. పోశెట్టి అద్దం పగలకుండా ఇల్లు చేరింది. నా పేరు నిలబడింది.

తాడు మధ్యలో ఒక నల్ల సిరాగీత ఉండేది. అదెందుకో అప్పటికి నాకు తెలియదు, అప్పటిదాకా ఒంటితాడు మీద దిగడమే నేర్పాడు. రెండు వారాల తర్వాత జంటతాడు మీద దిగడం చూపిస్తూ, రాతికి దిగ్గొట్టిన ఇనుప రింగులోంచి తాడు దూర్చి చెప్పాడు. "గీ నల్లగీత తాడుకు నట్టనడుమ. దీన్ని రింగుల నిలబెడితె రెండు కొసలు సమానంగ కిందికి పోతయ్. రెండింటినీ కలిపి పట్టుకొని దిగుడే. దిగినంక ఒక కొస గుంజితె మొత్తం మన దగ్గరికొస్తది. నేను కొలిచి గీసిన గీత. కండ్లు మూసుకొని నమ్మొచ్చు."

గీత ఇప్పుడు నడుమ లేదు. దాన్ని రింగులో పెడితే ఒక కొస ఇంకోదానికంటే నాలుగు బారలు పైనే ఆగిపోతుంది. దిగేవాడు చూసుకోకపోతే ఆ కొస చేతిలోంచి జారిపోతుంది, దాంతో పాటు మనిషీ. ఇది అర్థం కావడానికి నాకు ఒక్క నిమిషం పట్టలేదు. చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. తిడతాడని కాదు. తిట్టే మనిషైతే అప్పుడే చెప్పేవాణ్ని. బంగారమసోంటి పోరడు అన్న మాట పోతుందని భయం. అందుకని ఒక తెలివైన పని కనిపెట్టాను. తాడు రింగులో వేసే పని ప్రతిసారీ నేనే ముందుకు దూకి చేసేవాణ్ని. ఆయన చూడకుండా గీతను రెండు బారలు పక్కకు జరిపి కొసలు సమానం చేసేవాణ్ని. నా ఉత్సాహం చూసి ఆయన మురిసిపోయేవాడు. అవన్నీ తక్కువ ఎత్తు గోడలు కాబట్టి తాడు పొట్టిదైందని ఆయనకు తెలియలేదు. అలా ఎన్ని శుక్రవారాలు గడిచాయో. రోజులు గడిచేకొద్దీ అది నాకు మామూలైపోయింది.

ఆ శుక్రవారం మేం ఎండిపోయిన వాగు పక్కనున్న పెద్దగోడ ఎక్కాం. ఆయన ముందు, నేను వెనక. దారిలో ఆయన దిగ్గొట్టిన హుక్కులు ఏరుకుంటూ నేను ఆలస్యంగా పైకొచ్చాను. చలిగాలికి వేళ్లు మొద్దుబారి ఒక హుక్కు ఎంతకీ ఊడిరాలేదు. నేను పైకి చేరి, నడుముకున్న తాడు విప్పి, హుక్కులు సంచిలో సర్దేసరికి తాడు రింగులో ఉంది, కొసలు కిందికి విసిరేశాడు. నల్లగీత సరిగ్గా రింగులో కూర్చుని ఉంది. మామూలుగా కొసలకు ముళ్లు వేస్తాడు, జారినా ముడి దగ్గర ఆగేలా. ఆ రోజు అవీ లేవు. నా చూపు గమనించి తనే అన్నాడు, "పోయినసారి ముడి పగుల్ల ఇరుక్కొని గంట తిన్నది. పొద్దు వాలుతున్నది. ఇది నాకెరుకైన దిగుడే రాజేశం, కింది అంచు మీద కొసలు ఇంకా మనిషెత్తు మిగుల్తయ్." కొండ మధ్యలో ఉబ్బి ఉంది కాబట్టి పైనుంచి కొసలు కనబడవు. "పొద్దుగాల ఆఫీసుకు ఉస్తాద్ పనికి నీ పేరు రాసి పంపిన" అని భుజం తట్టాడు. తాడు దిగడానికి వాడే ఇనుప పరికరంలో రెండు వైపుల తాడూ దూర్చి, బెల్టుకు తగిలించుకుని, అంచు మీదికి వెనక్కి నడిచి, నా మొహం చూశాడు.

"చెప్పేదేమన్న ఉన్నదా?"

ఉంది. తాడు పైకి లాగి కొసలు కలుపుదామన్నా అంటే చాలు. ఎందుకని అడిగినా, ఒకసారి చూద్దామని అన్నా చాలు, నిజం కూడా అక్కర్లేదు. నేను ఆయన ముడి చూసినట్టు, బెల్టు చూసినట్టు కళ్లు తిప్పాను.

"ఏం లేదన్నా, పో" అన్నాను.

ఆయన పోయాడు. కొంతసేపు తాడు బిగుతుగా వణికింది. తర్వాత ఒక్కసారిగా రింగులోంచి సర్రున జారి ఆగిపోయింది. అరుపు వినబడలేదు. ఒక రాయి పడ్డ చప్పుడు లాంటిది మాత్రం వచ్చింది. నేను అంచు దగ్గర బోర్లా పడుకుని పిలిచాను. ఎంతసేపటికో గొంతు వచ్చింది. "బతికే ఉన్న. కాలు పోయింది. నువ్వు ఆగం గాకు. తాడు మీదికి గుంజుకో, ముళ్లేసి దిగు." కాలు విరిగిన మనిషి నాకు జాగ్రత్తలు చెబుతున్నాడు. నేను తాడు పైకి లాగి, కొసలు కలిపి, రెంటికీ ముళ్లు వేసి, మళ్లీ కిందికి వదిలాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ అయిదు నిమిషాల గురించే ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. దిగాను. తాడు మొత్తమే పొట్టిది కాబట్టి కొసలు కింది అంచుకు మనిషెత్తు పైనే ఆగాయి. ముళ్ల దగ్గర వేలాడి, బెల్టు విప్పుకుని దూకాల్సి వచ్చింది. మల్లన్న గోడకు ఆనుకుని, మడమ పట్టుకుని, నన్ను కాదు, గాలిలో ఊగుతున్న ఆ కొసల్నే చూస్తున్నాడు.

ఆస్పత్రిలో కంపెనీవాళ్లు అడిగితే "కొసలకు ముడెయ్యలేదు. నా తప్పే" అని చెప్పాడు. నేను మంచం పక్కనే ఉన్నాను. వాళ్లు పోయాక తాడు తెమ్మన్నాడు. బియ్యం సంచిలోంచి తీసి ఒళ్లో పెట్టుకుని, ఒక కొస మీద బొటనవేలితో రాశాడు, తర్వాత రెండోది. నేను చుట్టిన టేపు దగ్గర వేలు చాలాసేపు ఆగింది. తాడు మడిచి సంచిలో పెట్టి జిప్పు వేశాడు. నేను రోజూ డ్యూటీ అయ్యాక పచ్చిపులుసు చేసి తీసుకుపోయేవాణ్ని. లేచి వచ్చేటప్పుడు ప్రతిసారీ "చెప్పేదేమన్న ఉన్నదా?" అని అడిగేవాడు. మామూలుగా, నవ్వుతూనే. "ఏం లేదన్నా" అనేవాణ్ని. మడమ సరిగా అతకలేదు. కొండ పని ఇక కుదరదని ఇంటికి పంపించారు. ఆయన కార్టన్ నేనే కట్టాను, బజార్లో కొన్న ప్లాస్టిక్ తాడుతో. ఆఫీసుకు రాసి పంపిన నా పేరు మాత్రం ఆయన కొట్టేయించలేదు. మరుసటి చలికాలం ఉస్తాద్‌ను నేనే. అంతకుముందు మల్లన్న మెడలో ఉండే విజిల్ ఇప్పుడు నా మెడలో ఉండేది. కొత్తవాళ్లకు "గుట్టకు కండ్లు లేవు" అని చెప్పేవాణ్ని, నా సొంత మాటలాగే.

ఇప్పుడు మా ఊరి పిల్లలు కార్టన్లు కట్టరు. కార్గోవాళ్లే రూమ్‌కు వచ్చి, తూకం వేసి, టేపు చుట్టి పట్టుకుపోతారు. మేం మేకులు కొట్టిన కొండల మీద షోకు కోసం ఎక్కేవాళ్ల ఫొటోలు ఫోన్‌లో కనిపిస్తాయి, రంగురంగుల హెల్మెట్లతో. మా చెల్లెలి మనవడు హైదరాబాద్‌లో ఒక హాల్లో చెక్కగోడలెక్కుతాడు. ఎక్కేముందు కింద తాడు పట్టుకున్న పిల్ల వైపు చూసి ఇంగ్లీషులో ఏదో అడుగుతాడు, ఆ పిల్ల జవాబిస్తుంది. చూస్తే అదే పద్ధతి. అప్పుడు మా దగ్గర సామాను తక్కువగా ఉండేదని, అందుకే ప్రమాదాలని నేను చాలాచోట్ల రాశాను. అబద్ధం. ఆ రోజు మా దగ్గర అన్నీ ఉన్నాయి. అడగాల్సిన ప్రశ్న కూడా అడిగారు.

పోశెట్టి పెరట్లో దండెం దగ్గరికి పోయి, తడిబట్టలు పక్కకు జరిపి చూశాను. గోడ కొక్కెం వైపు మామూలు ముడి. జామచెట్టు వైపు మాత్రం ఎనిమిది ముడి. అంకె ఎనిమిదిలా అల్లి, మళ్లీ అదే దారిలో తాడు వెనక్కి నడిపించి, జానెడు తోక వదిలి, ఆ తోకను చిన్నముడితో కట్టేసిన పద్ధతి. అలా కట్టే మనిషిని నేను ఒక్కణ్నే చూశాను. లోపలికి వచ్చి ఇది ఎవరు కట్టారని అడిగాను.

"మీ ఉస్తాద్" అన్నాడు పోశెట్టి. "నాలుగైదేండ్లయితుంది. ఈ పక్కూల్లె ఎవలదో దినాలకొచ్చి, నా ఇల్లు అడుక్కుంట వచ్చిండు. కుంటుకుంట. సెయ్యి కడుగ పోయి శానసేపు రాలే. పోయి సూస్తె గీ తాడు పట్టుకొని నిలబడ్డడు. 'ఎక్కడిది పోశెట్టీ' అన్నడు. నేనేం దాస్త? మా రాజేశం నా కార్టన్‌కు కట్టిండని చెప్పిన. 'మంచి తాడు. గిట్ల కడితె జారుతది' అని ఇప్పి మళ్ల కట్టిండు. అన్నం తిని పోయిండు."

"నా గురించి ఏమన్న అన్నడా?"

"ఏమనలే. నీ పిల్లలు మంచిగున్నరా అని అడిగిండు."

పోశెట్టి ఫోన్‌లో ఆయన నంబరు ఉంది. అన్నం తినకుండానే పెరట్లోకి పోయి, ఆ తాడు కిందే నిలబడి ఫోన్ చేశాను. అవతల ఎక్కడో కుక్కర్ విజిల్ వినబడుతోంది. గొంతు ముసలిదైంది కానీ అదే గొంతు.

"మల్లన్నా, నేను రాజేశం."

అప్పుడు ఆయనే అడిగాడు.

"చెప్పేదేమన్న ఉన్నదా?"

"ఉన్నదన్నా" అన్నాను. చెప్పాను. కోసింది నేనే అని, టేపు చుట్టింది నేనే అని, గీత నడుమ లేదని తెలిసీ నీ మొహం చూసి పొమ్మన్నానని. ఏడుస్తూ చెప్పానో, మామూలుగా చెప్పానో గుర్తులేదు. పక్కింటి ఆవిడ గోడ మీదినుంచి చూసి లోపలికి పోయింది. ఆయన అంతా విన్నాడు. తెలుసన్నాడు. అయితే అప్పుడే ఎందుకు అడగలేదన్నా అన్నాను.

"అడుగుతనే ఉంటి గదా, రోజూ" అన్నాడు. కోపం లేదు, అలసట ఉంది. నాకు చెబుతున్నట్టు కాకుండా తనలో తనే అనుకుంటున్నట్టు అన్నాడు. "నాలుగు బారలు పోతె పోయె. నువ్వు నాడే చెప్తె గీత మార్చుకుంటుంటిమి గదరా. ఒక్క పెన్ను పని."